పోతపాలు

నీ పేరు నాకు చెప్పలేదు. చెప్పకూడదట.
నువ్వు అనే పిలుస్తాను, ఏమనుకోకు.

రాత్రి ఒంటిగంటా ఇరవైకి గ్రాన్యా తలుపు కొట్టింది.
కారు సీటుతో సహా నీ కొడుకుని
మా వంటింటి బల్లమీద దించింది.
బయట డెరీ ఊరంతా వానలో నానుతోంది.
వెంట ఒక ప్లాస్టిక్ సంచి:
రెండు డైపర్లు, ఒంటి మేజోడు,
అడుగున అంగుళం పాలు పుల్లబడ్డ సీసా.
పేరు ఓరన్, వయసు తొమ్మిది వారాలు అని కాగితం.
ఏ పాలు తాగుతాడు?
ఆ గడి ఖాళీ.

ఇరవై రెండుమందిని సాకి పంపినదాన్ని.
జ్వరాలకి జంకను, రాత్రి ఏడుపులకి జంకను.
ఆ ఖాళీ గడికి జంకాను.

హ్యూయీ పైజామా మీదే కోటు తగిలించుకుని
వంతెన పక్క పెట్రోలు బంకుకి పరిగెత్తాడు.
అక్కణ్ణించి ఫోను:
"ఒకదానికి బంగారు మూత, ఒకదానిమీద మేకపిల్ల,
ఒకదానిమీద ఆకలి ఎక్కువున్న బిడ్డలకు అని రాసుంది.
ఏది తేను?"
ఆకలి తక్కువున్న బిడ్డ ఎక్కడుందయ్యా,
ఒకటో నెంబరు ఏదైనా పట్రా అన్నాను.
బంగారు మూత తెచ్చాడు. పదిహేడు పౌండ్లు.
మగాడి భయానికి ఖరీదెక్కువ.

మరిగిన నీళ్ళు వేడి తగ్గకముందే పొడి కలిపి
కుళాయి కింద సీసా తిప్పి తిప్పి చల్లార్చి
మణికట్టుమీద చుక్క వేసుకుని, పట్టాను.
నాలుకతో నెట్టేశాడు.
మళ్ళీ పట్టాను, మళ్ళీ నెట్టాడు.
ఎంత చిన్న నోరు, ఎంత పెద్ద కాదు!

ఆ ఏడుపులో నిన్ను తిట్టుకున్నాను, దాచనెందుకు.
ఒంటి మేజోడుకి ఒకటి,
పులిసిన సీసాకి రెండు.

మూడున్నరకి అలసటకి ఓడి సగం తాగాడు.
సీసా కడగబోతే
అంకెలు అరిగిపోయిన చోట
ఎర్రగా ఒక గీత. గోళ్ళరంగు.
సరిగ్గా నూట ఇరవై దగ్గర, చెయ్యి వణక్కుండా గీసింది.
సంచి దులిపితే మూలనుంచి
టిష్యూ కాగితంలో చుట్టిన నీలం కొలత చెంచా.

ఎవరో తలుపు బాదుతుంటే,
ఎవరో త్వరగా త్వరగా అంటుంటే,
మేజోడు రెండోది దొరక్కపోయినా
నువ్వు చెంచాని చుట్టి పెట్టావు.

ఒక డబ్బా చెంచాతో ఇంకో డబ్బా పొడి కొలవకూడదు.
కొత్తగా వచ్చే ప్రతి పెంపుడు తల్లికీ నేను చెప్పే మొదటి మాట అది.
రాత్రంతా నిన్ను నా చెంచాతో కొలిచాను.

పొద్దున్నే వాణ్ణి గుండెకి కట్టుకుని పెద్ద దుకాణానికి పోయాను.
గోడంత అర.
మెదడుకి ఒకటి, కంటికి ఒకటి, నిద్రకి ఒకటి,
డబ్బాకొక వైద్యుడు కూర్చుని పిలుస్తున్నట్టుంది.
మందులమ్మే బ్రొనాకి నీలం చెంచా చూపించాను.
కళ్ళద్దాలు సర్దుకుని, వంగి,
అన్నిటికన్నా కింది అరలోంచి తీసింది.
దుకాణం సొంత రకం. అన్నిటికన్నా చవక.
"లోపలున్నది ఇంచుమించు అంతా ఒకటే డింప్నా,
చట్టం అంతకన్నా తేడా ఒప్పుకోదు."
మరి వీడికెలా తెలిసింది అన్నాను.
"పాలు మారాయనా ఏడ్చింది?" అంది.

ఇంటికొచ్చి నీ చెంచాతోనే కొలిచాను,
కుప్పగా కాదు, కత్తి వెనకవైపుతో అంచుకి సమంగా.
నీ గీతదాకా నీళ్ళు.
తాగాడు. మధ్యలో ఆగి
నా ముఖం వెతికాడు,
నువ్వు కావని చూశాడు,
అయినా తాగాడు.

బంగారు మూత డబ్బాలో హ్యూయీ మేకులు పోసుకున్నాడు.

సీసా తోమేటప్పుడు పీచు ఆ గీతదాకా పోనివ్వను.
కాగితంలో ఆ గడి నింపాను:
పాల పేరు, నూట ఇరవై, మూడు గంటలకోసారి.
కింద ఇంకా జాగా మిగిలితే
వాళ్ళమ్మ చెప్పింది, అని రాశాను.